బాతు సీలుతో ఫారం సిక్స్‌టీన్

రాండి, రాండి, దగ్గరికి జరగండి. సంచులు గోడకు పెట్టి కూసోండి. శనివారం సారు బడికి రాకుండ సూర్యాపేట ఎందుకు పోయిండని పొద్దున్నుంచి గుసగుసలు పెడుతున్నరు గదా? లీవ్ పెట్టే పోయిన, అది వేరే సంగతి. తప్పు చేస్తే దిద్దుకోండని మీకు రోజూ చెప్పే నేను ఎంత పెద్ద తప్పు చేసి పోవాల్సొచ్చిందో వినండి!

ఫిబ్రవరి వచ్చిందంటే చుట్టుపక్కల బడుల టీచర్లంతా మా ఇంటి అరుగు మీదనే. ఎవరి ఇన్‌కం టాక్స్ లెక్కైనా నేనే వేయాలె. మా జీతంలోంచి హెడ్మాస్టరే పన్ను కట్ చేస్తడు, ఏడాది చివర ఆ సంగతి రాసి ఒక కాయితం ఇస్తడు. దాన్నే ఫారం సిక్స్‌టీన్ అంటరు. కింద సంతకం, గుండ్రటి సీలు. పన్ను సంగతి నాకంటే తెలిసినోడు ఈ మండలంలోనే లేడని నాకు జర గర్వం.

ఇగ మా కోడలు లలిత. కోదాడ పిల్ల. ఇంట్ల కంప్యూటర్ మీద పిల్లల పుస్తకాలకు బొమ్మలు గీస్తది. గీసేది మా ఇంట్ల, పుస్తకం అచ్చయ్యేది ఆస్ట్రేలియాలో! కరెంటు కోత చూసుకొని గీయాలె, అయినా ఆ పనంటే ఆమెకు ప్రాణం. లేకుంటే ఏడు నెలల పసిదాన్ని వదిలి పని కోసం రోజూ కోదాడ బస్సెక్కాలె గదా.

మొన్నొకనాడు వచ్చి అడిగింది. "మామయ్యా, నేను పనిలో చేరి ఏడాది దాటిందండి. జీతం మొత్తం చేతికి వస్తోంది, ఎవరూ పన్ను పట్టుకోవట్లేదు. నేను కట్టాలాండీ? కడితే అక్కడా, ఇక్కడా?"

మంచి ప్రశ్న. "తెల్వదమ్మా, కనుక్కుందాం" అనాలె నేను. అన్ననా? "గింతేనా! జీతం ఇచ్చేటోళ్ళే కట్ చేయాలె. నీకు పనిచ్చే ఆస్ట్రేలియా మేడమ్‌ను ఫారం సిక్స్‌టీన్ అడుగుదాం. ఉండు, నేనే రాస్త!" అన్న.

రాసిన. గౌరవనీయులైన హెలెన్ మేడం గారికి, విషయం, సూచిక, అన్నీ ఇంగ్లీషులో. మన ఆఫీసు కాయితాల అలవాటు పోతదా? చివర "జాప్యం జరిగినచో పై అధికారులకు నివేదించబడును" అని కూడా పెట్టిన. నమూనా ఉంటే మేడమ్‌కు తేలికైతదని నా ఫారం సిక్స్‌టీన్‌నే నేరేడుచర్ల నెట్ సెంటర్ల స్కాన్ చేయించి జత చేసిన. గుండ్రటి సీలు తప్పనిసరి అని రాసి కింద గీత కొట్టిన. పంపేముందు ఒకసారి చూస్తనని లలిత అంటే, "నువ్వు బొమ్మలు చూసుకో బిడ్డా" అన్న.

నాలుగు రోజులు జవాబు లేదు. అది సరే, బొమ్మల పని కూడా లేదు! రోజూ పొద్దున్నే వచ్చే మెయిల్ బందయింది. లలిత కంప్యూటర్ తెరుసుడు, మూసుడు. ఆఖరికి, "ఏం రాశారండీ మామయ్యా?" అంది. చూపించిన.

"పై అధికారులా! కంపెనీయే ఆవిడదండీ! ఆవిడకి పై అధికారి ఎవరు?"



ఐదో నాడు జవాబొచ్చింది. 'మీరు పంపిన నమూనా ప్రకారమే కాయితం తయారు చేసి జత చేసినం. కానీ మీ దేశం పన్ను మేం కట్ చేయాలంటే అది మా వల్ల కాదు, ఈ పని మానుకోవాల్సిందే. తెలిసినవాళ్ళను అడిగి చెప్పండి. అప్పటిదాకా బొమ్మలు ఆపుతున్నం' అని దాని సారాంశం.

లలిత పసిదాన్ని ఎత్తుకొని లోపలికి పోయింది. నాలుగు తిట్టినా బాగుండు!

అందుకే శనివారం ఆమెను తోలుకొని సూర్యాపేట పోయిన. ఆడ ఆడిటర్ నరేష్ ఒకప్పుడు నా దగ్గర చదివినోడే. అంతా విన్నడు.

"సార్, లలితమ్మ ఏడాదంతా యాడున్నది?"

"మనూర్లనే."

"బొమ్మలు యాడ కూసోని గీసింది?"

"మనూర్లనే."

"అయితే పన్ను కూడ ఈ దేశంలనే సార్. ఆ కంపెనీకి ఈడ ఆఫీసు లేదు, కట్ చేసుడు లేదు, ఫారం ఇచ్చుడు లేదు. లలితమ్మే తన లెక్క వేసుకోవాలె, చలాన్‌తోటి బ్యాంకుల కట్టాలె, రిటర్న్ వేయాలె. ఖతం."

నేను ఊరుకుంటనా? "పైసలు సముద్రం దాటొచ్చినయి గదరా?"

"పైసలు దాటినయి సార్. మనిషి దాటలే గదా!"

ఎంత సాఫుగ చెప్పిండో చూడండి! పాఠం అంటే అట్ల చెప్పాలె.

తర్వాత మేడం పంపిన కాయితం అడిగి చూసి, వాడు కుర్చీలోంచి జారిపడేటట్టు నవ్విండు. మేడం పేర్లు మాత్రం మార్చి, తక్కిందంతా నా కాయితంలో ఎట్లున్నదో అట్లనే దించింది. ఆమె సంతకం కింద 'హెడ్మాస్టర్, జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల' అని ఉన్నది! సీలు యాడికెళ్ళి తెస్తది పాపం? గుండ్రంగ గీత గీసి, నడుమ లలిత గీసిన బాతు బొమ్మను పెట్టింది.

"సార్, పక్కోని పలక చూసి రాసినందుకు నాతోటి గోడకుర్చీ వేయించిండ్రు. మరి ఈ మేడమ్‌కు ఏం శిక్ష?" అన్నడు నరేష్.

"ఆమెకెందుకురా? చూసి రాయమని పలక పంపింది నేను!"

అప్పుడు నవ్వింది లలిత, వారం తర్వాత. ఆడనే కూసోని నాలుగు ముక్కల్లో మేడమ్‌కు మెయిల్ రాసింది. విషయం లేదు, సూచిక లేదు. ఇయ్యాల పొద్దున జవాబొచ్చింది: పన్ను సంగతి అర్థమైంది, కొత్త పుస్తకానికి బాతు పిల్లలు కావాలె, తొందరగ!

చాలు, పొద్దు వంగింది. లేవండి, ఇండ్లకు పోయి వేడివేడిగ అన్నం తినండి. ఆస్ట్రేలియాలో ఇంకో హెడ్మాస్టరు ఉన్నదని మన హెడ్మాస్టరుకు మాత్రం చెప్పకండి. నేనూ పోవాలె, ఇంట్ల లలిత రిటర్న్ కాయితాలు ముందేసుకొని కూసున్నది. పొద్దున నేను తొంగిచూస్తే ఏమన్నదో తెలుసా?

"మీరు బాతులు చూసుకోండి మామయ్యా!"