మేక ఈనిన రోజు నాన్న వచ్చాడు

మొన్న భద్రాచలం బస్సులో ఎవరో మేకపోతును ఎక్కించారు. ఆ వాసనకు పక్కసీటు అమ్మాయి ముక్కు మూసుకుంది గాని, నాకు మాత్రం రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో అశ్వారావుపేట అవతల, అడవి అంచున మేం చేసిన కాపురం కళ్లముందు కదిలింది; దానితోపాటే, ఇన్నేళ్లయినా చావని సిగ్గు కూడా.

మా పుట్టిల్లు ముదిగొండ వైపు పేరున్న వ్యవసాయదారుల ఇల్లు. మిరపతోటలు దెబ్బతిని మెట్టినింట ఉన్నదంతా పోయాక, మా ఆయన పామాయిల్ తోటల్లో గెలలు కోసే పనికి కుదిరాడు. మా చిన్నదానికి గేదెపాలు సరిపడక వాంతులయ్యేవి. అందుకని అత్త ఒక పాలమేకను పిల్లతో సహా కొనుక్కొచ్చింది. మేకలు కాయడమంటే మావాళ్లకు ఎంత చిన్నచూపో మన తరంవాళ్లకు నేను చెప్పక్కర్లేదు.

ముసురులో పుట్టిన మేకపిల్ల దగ్గి చస్తుందని, మాఘంలో ఈనితే చలి తగ్గి మేతకు తుమ్మకాయ కూడా రాలుతుందని ఆలోచించి, అత్త ఆ మేకను భాద్రపదం దాకా ఏ పోతు దగ్గరికీ పోనివ్వలేదు. మా పాకలో ఎదిగిన పోతు దాని కడుపున పుట్టిందే కనుక పనికిరాదు. మంచి పాలమేకకు పుట్టిన పోతు పై గూడెంలో ఉంది. తీరా మేక ఎదకొచ్చే వేళకు అత్త వానకు జారిపడి మణికట్టు విరగ్గొట్టుకుంది.

"ఇయ్యాల పోతుతోని దాటియ్యకుంటే ఎండకాలం పొల్లకు పాలుండయ్. నువ్వే తోల్కపో" అంది నాతో.

తోక ఆడిస్తూ ఊరంతా వినేలా అరుస్తున్న మేకను తాడుపట్టి లాక్కుంటూ టీకొట్టు ముందునుంచి నడుస్తుంటే, మగవాళ్ల నవ్వులకు నేల చీలినా బాగుండుననిపించింది. అక్కడే జీపు ఆపి టీ తాగుతున్న మా అక్క భర్త నన్ను చూసి, చూడనట్టు మొహం తిప్పుకున్నాడు. ఆ కబురు పుట్టింటికి చేరడానికి ఎంతసేపు!

మాఘంలో నాన్న వచ్చాడు, నన్నూ చిన్నదాన్నీ తీసుకుపోవడానికి. అప్పటికే మేకకు పాలు పితకడం మెల్లగా మాన్పించి, పాక ఊడ్పించి, ఎండుగడ్డి పరిపించి అత్త సిద్ధంగా ఉంది. సరిగ్గా ఆ మధ్యాహ్నమే మేకకు నొప్పులు మొదలయ్యాయి. పిల్ల తల కనిపిస్తోంది గాని, ముందుకాలు ఒకటి లోపలే మడతపడి బయటికి రావడం లేదు. అత్త చెయ్యి ఇంకా వంగదు, నాకేమో చేతకాదు. తెల్ల ధోవతిలో పాక బయట బిగుసుకుని నిలబడ్డ నాన్నను అత్త బతిమాలింది.

"అన్నయ్యా, గేదెలకు జేస్తవంట గదా, జర చెయ్యి పెట్టు. తల్లీపిల్లా రెండూ పోతయ్."

నాన్న రోడ్డువైపు ఒకసారి చూశాడు. తర్వాత చొక్కా విప్పి, చేతికి నూనె రాసుకుని మోకాళ్లమీద కూర్చున్నాడు. పిల్లను కొంచెం వెనక్కి నెట్టి, గిట్టను అరచేత్తో కప్పి, కాలు ముందుకు తెచ్చాడు. పిల్ల జారి గడ్డిమీద పడగానే, దాని మూతిమీది జిగురును తన ధోవతి చెంగుతోనే తుడిచి, చిన్నపిల్లాడిలా నవ్వాడు.

చేతులకు నీళ్లు పోస్తుంటే మాత్రం తల ఎత్తకుండా అన్నాడు.

"ఈ ముచ్చట మనోళ్లకెవ్వరికీ చెప్పకు బిడ్డా."

టీకొట్టు ముందు నేను పడ్డ సిగ్గు దీనిముందు ఏపాటిది? నా మూలాన నాన్న ఒక ప్రాణం నిలబెట్టిన సంగతిని కూడా తప్పులా దాచుకోవలసి వచ్చింది. ఇక తీసుకుపోతానన్న మాట ఎత్తకుండా, సాయంత్రం బస్సుకు ఒక్కడే వెళ్లిపోయాడు. ఆ వేసవంతా మా చిన్నదానికి పాలకు లోటు రాలేదు.

ఈమధ్య మా తమ్ముడి కొడుకులు నాన్న చేలోనే మేకల షెడ్డు వేసి, రోడ్డుమీదికి పెద్ద బోర్డు పెట్టి, చుట్టాలందరినీ భోజనాలకు పిలిచారు. పట్టుచీరల్లో ఆడవాళ్లు మేకపిల్లల్ని ఎత్తుకుని ఫొటోలు దిగారు. ఎవరూ తల దించుకోలేదు, ఎవరూ అటూ ఇటూ చూడలేదు. నాన్న ఉండి ఈ రోజు చూడవలసింది.