మారు వడ్డన

నాకు సవతి పోరు తప్పలేదు. ఆ సవతి మనిషి కాదు, మా ఊరు. జగ్గయ్యపేట నుంచి వత్సవాయి వెళ్లే దారిలో రోడ్డు దిగి, బండి బాటన లోపలికి నడిస్తే వచ్చే నల్లరేగడి పల్లెటూరు అది. నందిగామలో బజారూ బస్సులూ చూస్తూ పెరిగిన నన్ను ఆ ఊరికిచ్చారు. ఇచ్చింది ఒక్క మనిషికే అనుకున్నాను. కాపురానికి వచ్చాక తెలిసింది, ఆ మనిషిని ఊరందరితో పంచుకోవాలని.

ఆయన పేరు ఆయన బతికుండగా నేను పలకలేదు, ఇప్పుడు రాయనూ రాయను. మా రోజుల్లో మొగుడి పేరు నోట రాకూడదు. ఊరు మాత్రం ఆ పేరు పొద్దస్తమానం నోరారా పలికేది. అక్కడే మొదలైంది నా కడుపుమంట.

పంచాయతీలకు ఎన్నికలు వచ్చిన కొత్తలో ఆయన్ని పోటీ లేకుండా ప్రెసిడెంటును చేశారు. పెద్ద ఆస్తిపరుడూ కాదు, గొంతు ఉన్నవాడూ కాదు. నలుగురిలో నిలబడి మాట్లాడమంటే భుజం మీద తువ్వాలు సర్దుకుంటూ నేల చూసే మనిషి. అంతకుముందు పెద్దరికం చేసినాయన చావడి అరుగు మీద కూచుని ఒక్క కేకేస్తే ఊరు వచ్చి నిలబడేది. ఈయన ఎవరినీ పిలవలేదు, ఎవరి మీదా కేకెయ్యలేదు. ఊరి పనికి ఎవరైనా అడ్డం తిరిగితే, మర్నాడు సరిగ్గా అన్నాల వేళకు వాళ్లింటికి పోయి, "ఏం వండారమ్మా ఇవాళ?" అని పీట వాల్చుకునేవారు.

అంతే. పెట్టింది తినేవారు, బాగుందనేవారు, చెయ్యి కడుక్కుని వచ్చేసేవారు. పని మాట మాత్రం ఎత్తేవారు కాదు. ఉప్పు తిన్నవాడు విశ్వాసంగా ఉండాలంటారు కదా, అందుకే పెద్దమనుషులనేవాళ్లు పదిమందికి పెట్టి, ఆ ఉప్పు పేరు చెప్పి పనులు చేయించుకుంటారు. ఈయన దాన్ని తిరగేశారు. వాళ్ల ఉప్పు తాను తిన్నారు. తమ పీట మీద కూచుని తిని పోయిన మనిషికి మళ్లీ ఎదురు నిలబడాలంటే ఎవరికి మాత్రం మొహం చెల్లుతుంది?

బండి బాట వెడల్పు చెయ్యాలన్నప్పుడు మా వీధి చివర ముసలాయన తన కంచె జరపనంటే జరపనని కర్ర పట్టుకు కూచున్నాడు. ఈయన వరసగా కొన్నాళ్లు వాళ్లింట్లో తిన్నారు. చివరికి ఆ ముసలాయనే కంప పీకి, "ఇంకో మూరెడు కావాలేమో చూసుకో అబ్బాయ్" అన్నాడట. మా ఆయన ఆ బాట పని పెత్తనం తీసుకెళ్లి ఆయనకే అప్పజెప్పారు. అడ్డం తిరిగినవాడికే పని అప్పజెప్పడం కూడా ఆయన పద్ధతే. ఆ తర్వాత బాట మీద ఎవడి బండయినా గాడి పెట్టిందంటే ముసలాయన వాడి ఏడుతరాలనూ తిట్టేవాడు.

ఊరవతల మాలపల్లెలోనూ తినేవారు. తిని వస్తే నూతి దగ్గర నీళ్లు పోసుకుంటే తప్ప మా అత్తగారు గడప తొక్కనిచ్చేది కాదు. ఆయన నవ్వుతూ నీళ్లు పోసుకునేవారు, మర్నాడు మళ్లీ పోయేవారు.

మొగుణ్ణి ఊరు మెచ్చుకుంటే పెళ్లానికి గర్వంగా ఉండాలి కదా అంటారేమో. ఉండేది కాదు. నాకు ఒళ్లు మండేది. నందిగామలో మా ఇంటి వంటంటే పేరు. మా అమ్మ చేతి వంట నా చేతికి వచ్చింది. ఏం లాభం? మా నాన్న కొనిచ్చిన కంచు కంచం మధ్యాహ్నం పూట బోర్లించే ఉండేది. సాయంత్రం వచ్చి, "ఇదిగో, ఇవాళ దూదేకులాయన ఇంట్లో చింతచిగురు పప్పు తిన్నా. అబ్బ! ఏం చేసిందనుకున్నావ్!" అనేవారు.

ఆ దూదేకులాయనది మా వెనక వీధి. సాయిబులే గానీ ఇంట్లో మాట్లాడేది మాలాగే తెలుగు. పిల్లల్ని బడికి పంపనని ఆయన మొండికేస్తే, ఈయన ఆ చింతచిగురు పప్పు తిని తిని వాళ్లను బడి మెట్లెక్కించారు. ఆయన భార్య నా ఈడుదే. ఎప్పుడు చూసినా నవ్వు మొహం. ఆ నవ్వు చూస్తేనే నాకు పడేది కాదు. పంతం కొద్దీ నేనూ చింతచిగురు కోయించి, లేత చిగురే ఏరి, వెల్లుల్లి దంచి తాలింపు వేసి పెట్టాను. "బాగుంది" అన్నారు. ఆ 'అబ్బ' మాత్రం రాలేదు. పొరుగింటి పుల్లకూర రుచి, ఇంట్లో కూర ఎంత రుచైతే ఏం?

పైగా ఇంటికొచ్చాక ఆకలి. రాత్రి పీట మీద కూచుంటే మారు వడ్డించమనేవారు, మళ్లీ వడ్డించమనేవారు, గిన్నె అడుగు కనబడేది. పగలంతా ఊళ్లో విస్తళ్లు నాకి వచ్చిన మనిషికి ఇంత ఆకలేమిటని నాకు మండేది. పొగడ్తలేమో వాళ్లకి, ఆకలేమో నాకు. ఆ మాట మనసులో అనుకుంటూనే వడ్డించేదాన్ని.

ఇలా ఉండగా ఒక ఏడు వానలు మొహం చాటేశాయి. మా ఊరి బావుల్లో నీళ్లు ఎప్పుడూ ఉప్పనే. పప్పు ఉడికేది కాదు, గొంతు దిగేది కాదు. మంచినీళ్లకు ఆడవాళ్లు దూరంగా వాగుకు పోయి, ఇసకలో చెలమలు తోడి, ఊరిన నీళ్లు ముంచుకుని రావాలి. మాకు తెచ్చిపెట్టే మనిషి ఉండేది కాబట్టి ఆ నడక నాకు తెలియదు. ఆ ఎండల్లో కూడా పచ్చగా ఉన్న నేల ఊరి పక్కన ఒక్కటే కనబడింది. అది నా చేలో ఒక మూల. పెళ్లప్పుడు మా నాన్న పసుపు కుంకుమల కింద కొని నా పేరున రాసిన పత్తి చేను. అక్కడ తవ్వితే తియ్యటి నీళ్లు పడతాయని చావడి దగ్గర అనుకుంటున్నారని మా అత్తగారు చెప్పింది.

"మొగుణ్ణి తీసుకుంది చాలదా ఈ ఊరికి? నా పుట్టింటోళ్లిచ్చిన చేను కూడా కావాలా? గడ్డపార వేస్తే ఊరుకోను!" అని అరిచాను. ఆయన దొడ్లో ఎద్దులకు కుడితి పెడుతున్నారు. వినబడి తీరుతుంది.

మర్నాడు మధ్యాహ్నం ఆయన ఇంటికొచ్చారు. కాళ్లు కడుక్కుని, "ఏం వండావివాళ?" అని పీట వాల్చుకున్నారు.

నా సంతోషం ఏమని చెప్పను! ఆ మర్నాడూ వచ్చారు, ఆ తర్వాతా వచ్చారు. దోసకాయ పప్పు, గోంగూర, వంకాయ కారం పెట్టిన కూర, నాకొచ్చినవన్నీ వండి పోశాను. వంటింట్లో పెడితే ఎవరికి తెలుస్తుంది? సావిట్లో పీట వేసి, వీధి తలుపులు బార్లా తీశాను. వాగుకు పోయే ఆడవాళ్లంతా బిందెలు చంకనబెట్టుకుని మా ఇంటి ముందు నుంచే పోవాలి. వాళ్ల అలికిడి కాగానే, "ఇంకాస్త నెయ్యి వేసుకోండి!" అని గట్టిగా అనేదాన్ని. వాళ్లు లోపలికి చూసి, ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకుంటూ పోయేవాళ్లు. కుళ్లుకుంటున్నారు, కుళ్లుకోనీ, ఇన్నాళ్లూ నేను కుళ్లలేదా అనుకున్నాను.

ఒకరోజు ఆ దూదేకులావిడ వాగు నుంచి వస్తూ బిందెలు మా అరుగు మీద దించి, చెంగుతో మొహం తుడుచుకుంది.

"ఇంకా ఒప్పుకోలేదాండీ అమ్మగారూ?" అంది.

"దేనికమ్మా?"

"అదేనండీ, చేను సంగతి. అయ్యగారు ఇన్నాళ్ల నుంచీ మీ ఇంట్లోనే తింటన్నారుగా! మా ఇంట్లో ఇన్నాళ్లు పట్టలేదండీ, మా ఆయన తొందరగానే మెత్తబడ్డాడు" అని నవ్వింది.

ఆయన ఏ ఇంట్లో తింటుంటే ఆ ఇంట్లోనే మొండిఘటం ఉన్నట్టని ఊళ్లో పసిపిల్లకు కూడా తెలుసు. ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారి. ఈసారి ఆ ఉలిపికట్టెను నేను. పైగా తలుపులు తీసి, నెయ్యి అని కేకలేసి, ఆ సంగతి నేనే ఊరంతా చాటాను. అందరూ నవ్వింది అందుకు. ఆయన నా వంట కోసం రాలేదు. నన్ను కూడా ఊళ్లో జనంలో ఒకదాన్ని చేసి, నా ఉప్పు తినడానికి వచ్చారు.

నిలదీద్దామా అనుకున్నాను. కానీ ఒక్క విషయం నన్ను పట్టి ఆపింది. నేను ఊ అన్న రోజే ఆయన మధ్యాహ్నం రావడం మానేస్తారు. ఊ అనకపోతే నా కంచం బోర్లపడదు. ఆ ఆశ కొద్దీ ఇంకొన్నాళ్లు నోరు కట్టుకుని వడ్డించాను. ఆయన తిన్నారు, బాగుందన్నారు, వెళ్లారు. చేను మాట ఎత్తితే గదా కాదనడానికి! బయట బిందెలు పోతూ ఉండేవి, వస్తూ ఉండేవి. తలుపులు మూసినా వాటి చప్పుడు వినబడేది. మొగుడు ఎదురుగా కూచుని తింటున్నా ఆ చప్పుడుకు నాకు ముద్ద దిగేది కాదు. చివరికి ఒక సాయంత్రం చీర కుచ్చెళ్లు సర్దుకుని సరాసరి చావడి దగ్గరికి పోయాను. మా ఇంటి ఆడవాళ్లు అటువైపు చూసి ఎరగరు. మగవాళ్లంతా లేచి నిలబడ్డారు.

"నా చేలో ఎక్కడ నీళ్లుంటే అక్కడ తవ్వుకోండి. నన్నెవరూ అడగలేదు, నాకై నేనే ఇస్తన్నా" అన్నాను. ఆయన వైపు తిరిగి, "మీరు రేపట్నుంచి మధ్యాహ్నం అన్నానికి రానక్కర్లేదు" అన్నాను.

జనం గొల్లుమన్నారు. ఆయన తువ్వాలు సర్దుకుంటూ నేల చూసి, "చేను నీది. పని కూడా నువ్వే చూసుకోవాలి మరి" అన్నారు.

అడ్డం తిరిగినవాళ్లకే పని అప్పజెప్పడం ఆయన పద్ధతని చెప్పానుగా. నాతోనూ అదే చేశారు. ఇక చూడండి, తట్టలు ఎవరు మోయాలో, మట్టి ఎటు పోయాలో అన్నీ నన్నే అడిగేవాళ్లు. ఇంటికొక మనిషి వచ్చారు. పల్లె నుంచీ వచ్చారు. ఆయన ఎవరినీ రమ్మనలేదు, తానూ ఒక తట్ట తీసుకుని వరసలో నిలబడ్డారు. జగ్గయ్యపేట సమితి ఆఫీసు చుట్టూ తిరిగి సిమెంటు మాత్రం తెచ్చారు. గట్టు మీద నాలుగు వైపులా గిలకలు పెట్టించాను. ఇది మా వైపు, అది మీ వైపని ఎవరో సణిగితే, "నా చేను, ఎవరైనా ఎక్కడైనా తోడుకుంటారు" అన్నాను. ఇంత చేసింది నేనైతే ఊరు దానికి పెట్టుకున్న పేరేమిటో తెలుసా? ప్రెసిడెంటు గారి బావి. ఇప్పటికీ అదే పేరు.

నీళ్లు పడ్డాయి, తియ్యగానే ఉన్నాయి. నేను అనుకున్నట్టే ఆయన మధ్యాహ్నాలు రావడం మానేశారు. ఇంకెవరో ఇంకేదో పనికి అడ్డం తిరిగారు. నా కంచం మళ్లీ బోర్లపడింది.

నా చేలో బావి పడ్డాక నీళ్లకు నేనే పోయేదాన్ని. ఆ రోజుల్లో ఒక సాయంత్రం బావి దగ్గర ఆ దూదేకులావిడా నేనూ ఎదురెదురు గిలకల మీద తోడుతున్నాం. ఉండబట్టలేక అడిగాను.

"ఏమ్మా, మీ ఇంట్లో చింతచిగురు పప్పుతో మా ఆయన ఎంత తినేవారేంటి?"

ఆవిడ చేంతాడు పట్టుకునే నవ్వింది. "ఎక్కడ తినేవారండీ! నాలుగు ముద్దలు. మారు పెడతానంటే కంచానికి చెయ్యి అడ్డం పెట్టేసేవారు. 'చాలమ్మా, ఇంటికాడ తినాలి, మా ఇంటావిడ చేతి వంట తిన్నాక ఇంకేదీ కడుపునిండా తినబుద్ధి కాదు' అనేవారు. ఏ ఇంట్లోనైనా అంతేనంట. ఊళ్లో అందరికీ తెలిసిందేగా అమ్మగారూ!"

నా చేతిలో తాడు జారి చేద దబ్బున నీళ్లలో పడింది.

ఆ రాత్రి ఆయన అడగకముందే మారు వడ్డించాను. ఆయన తలెత్తి నా వైపు చూశారు. తల వంచుకుని గిన్నె అడుగు కనబడేదాకా తిన్నారు. ఆయన పోయి చాలా ఏళ్లయింది. ఆ మాట నాతో ఒక్కసారీ అనకుండానే పోయారు. ఊళ్లో ప్రతి పీట మీదా కూచుని చెప్పారు, ఒక్క మా ఇంటి పీట మీద తప్ప. అది కూడా నాకంటే ముందు ఆ సవతే విన్నది.