మస్తాన్ తాగని మజ్జిగ

రాష్ట్రం విడిపోయిన మరుసటి ఏడాది ఎండాకాలంలో నన్ను జమ్మలమడుగు సర్కిల్ ఇన్‌స్పెక్టర్‌గా వేశారు. నా పరిధిలోని ఒక ఊళ్లో అప్పటికే చాలాకాలంగా పికెట్ నడుస్తోంది. రెండు వర్గాలు కొట్టుకునే ఊళ్లో కొందరు పోలీసులు మకాం వేసి ఉండటాన్ని పికెట్ అంటారు. ఊరి పేరు రాయను. ఆ వర్గాల పెద్దలు ఈమధ్యే వియ్యమందుకున్నారు. శుభమా అని కలిసినవాళ్ల మధ్య నేనెందుకు పుల్ల పెట్టాలి?

పికెట్‌కు హెడ్ కానిస్టేబుల్ మస్తాన్ పెద్ద. ప్రొద్దుటూరు మనిషి. మూడు పట్టీల చొక్కాను ఇస్త్రీ లేకుండా వేసుకోగా నేను చూడలేదు. పికెట్‌లో ఏ మాన్యువల్‌లోనూ లేని నియమం ఒకటుంది. ఊళ్లో ఎవరింట్లోనూ పచ్చి మంచినీళ్లు కూడా ముట్టకూడదు. ఒక వర్గం ఇంట్లో గుక్కెడు తాగితే సాయంత్రానికి మనం ఆ వర్గం పోలీసులమైపోతాం. అందుకని తాగే నీళ్లు క్యాన్లలో జమ్మలమడుగు నుంచి ఆటోలో వచ్చేవి. వంట పికెట్ పోలీసులే చేసుకునేవారు. ఎలా ఉండేదో అడక్కండి, నేనొకసారి తిన్నాను.

పికెట్ గది ఎదురిల్లు ఓబుళమ్మది. ముసలామె, ఒక వర్గంలో ముఖ్యమైన కుటుంబం. నేను తనిఖీకి వెళ్లిన రోజు చెంబుతో మజ్జిగ తెచ్చి మస్తాన్ మీద విరుచుకుపడింది.

"ఏందప్పా, మా మజ్జిగలో ఇసం కలిపింటామనుకుంటివా?"

"కలిపిస్తే తాగుతానవ్వా, నా ఒక్కని పానమే గదా పొయ్యేది. కలపకుండా ఇస్తే ఊరంతా కొట్టుకుంటాది," అన్నాడు మస్తాన్.

ఆమె తిట్టుకుంటూ పోయింది. మర్నాడు మళ్లీ తెచ్చిందట. రోజూ తెచ్చేదట.

ఆ నెలలోనే చీనీతోట, అంటే బత్తాయి తోట, బోరు దగ్గర మొదలైన గొడవ నట్టమధ్యాహ్నం ఊరి వీధిలోకి వచ్చింది. పికెట్‌లో ఉన్న ఇద్దరు కానిస్టేబుళ్లలో ఒకడు సెలవులో ఉన్నాడు. ఇంకొకడు నీళ్ల క్యాన్ల కోసం రోడ్డు మీదికి వెళ్లాడు. మస్తాన్ మాకు ఫోన్ చేసి, లాఠీ, విజిల్ తీసుకుని రెండు గుంపుల మధ్య నిలబడ్డాడు. ఒక గుంపు అవతలి గుంపు మీద వేసిన నాటు బాంబు అతని కాళ్ల దగ్గర పేలింది. ప్రొద్దుటూరు ఆసుపత్రికి తీసుకెళ్తుంటే దారిలో చనిపోయాడు.

హత్య కేసు దర్యాప్తు ఇన్‌స్పెక్టరే చేయాలి కాబట్టి నేనే చేశాను. బాంబు ఎవరు వేశారని అడిగితే అంత గొడవలోనూ ఊరంతా నిద్రపోతోందని తేలింది. మెలకువగా ఉన్న కొద్దిమందీ అవతలివాళ్లే వేశారన్నారు, ఏ ఒక్కరూ చూడలేదు. నాకు ఒళ్లు మండిపోయింది. చూసిన సాక్షి లేకపోతే కేసు నిలవదు. చూడాల్సిన మా కానిస్టేబుల్ నీళ్లకు పోయాడు.

అధికార లాంఛనాలతో ఖననం ముగిశాక, చనిపోయినవాళ్ల కోసం మూడో రోజు చేసే ప్రార్థనకు, జియారత్‌కు, ప్రొద్దుటూరు వెళ్లాను. మస్తాన్ భార్య రమీజా, భర్త పోయినందున, బయటి మగవాళ్ల ఎదుటికి రాకూడని రోజులవి. పరదా ఇవతల ఆమె అన్నతో కూర్చున్నాను. అప్పుడు ఓబుళమ్మ చేతిలో స్టీలు క్యానుతో వచ్చి, ఎవరినీ అడక్కుండా పరదా లోపలికి పోయింది. తర్వాతది నేను విన్నదే.

"మజ్జిగ తెచ్చినా, తాగు బిడ్డా. ఆయప్ప యాపొద్దూ తాగల్యా."

"నేనూ తాగను. అంతమంది ఉండారే ఊర్లో, ఒక్కరూ సూడల్యాంట. ఎవురేసినారో ముందు అది చెప్పు," అంది రమీజా.

క్యాను కింద పెట్టిన చప్పుడైంది. ఆ తర్వాత, "మా చిన్నోడు. అరుగు మీంద కూసోని సూసినా," అంది ఓబుళమ్మ.

నిండు క్యానుతోనే బయటికొచ్చి, నేను అడగకముందే నాకూ అదే మాట చెప్పింది. మజ్జిగ పోయబోయింది. సాక్షి చేతిది తాగకూడదని వద్దన్నాను. మేజిస్ట్రేట్ ఎదుట వాంగ్మూలం ఇప్పించాను. ఇంట్లోవాళ్లు వెలివేస్తే పులివెందులలో కూతురి దగ్గర చేరింది.

విచారణ నాటికి నేనూ పులివెందులకు బదిలీ అయ్యాను. ఆమె మాట మార్చకపోతే ఒట్టు అనుకున్నాను. కన్నకొడుకు మీద ఎవరు చెప్పమన్నారని ముద్దాయి తరఫు వకీలు గద్దించాడు.

"ఎవురూ చెప్పమనల్యా సామీ. ఆయప్ప మావోడు గాదు, వాళ్లోడూ గాదు. అందుకే ఎవురూ నోరు తెరవల్యా. ఎవురికీ కానోని కోసరం ఎవురో ఒకరు చెప్పల్ల గదా."

యావజ్జీవం పడింది. తీర్పు విని ఆమె కోర్టు మెట్ల మీద కూలబడి కొడుకు కోసం గొంతెత్తి ఏడ్చింది. పక్కన అదే స్టీలు క్యాను ఉంది. రమీజా వచ్చి పక్కన కూర్చుంది. మూత తీసి, తాగి, మిగిలింది నా వైపు చాచింది. అప్పీలు గడువు ఇంకా ఉంది కాబట్టి నేను తాగలేదు.

ఏ పక్షమూ చేరని పోలీసును రెండు పక్షాలూ గౌరవిస్తాయని మాకు శిక్షణలో చెప్పారు. నేను చూసినంతలో రెండు పక్షాలూ అతన్ని వదిలేస్తాయి. ఎప్పుడో ఒక మనిషి నిజం చెప్పడానికి వస్తుంది. ఆ మనిషి వచ్చేదాకా మజ్జిగ తాగకూడదు. ఆ ఎండల్లో అది కష్టమే.