ప్రమిదలు తెమ్మన్నది నేనే

క్రాఫ్ట్ అంటే నాకు ఒళ్ళు మంట. చర్చిలో పిల్లలకు తొమ్మిదేళ్ళుగా సండే స్కూల్ చెబుతున్న మనిషి అనాల్సిన మాట కాదు గానీ, నిజం అదే. యేసు వెలుగు అని చెప్పాలంటే పేపర్ ప్లేట్ తీసుకో, చుట్టూ పసుపు కాగితం కిరణాల్లా కత్తిరించి అంటించు, మధ్యలో వాక్యం రాయి. ఏడాదికోసారి ఆ పాఠం వస్తుంది, ఏడాదికోసారి అదే ప్లేట్. సాయంత్రానికి అవన్నీ కార్లలో వెనక సీట్ల కింద చేరతాయి. తర్వాతెప్పుడో కారు శుభ్రం చేసేటప్పుడు తల్లులు తీసి చెత్తలో పడేస్తారు. నాకెలా తెలుసంటే, మా అబ్బాయి చేసినవి నేనూ అలాగే పడేశాను.

అమెరికాలో మేముండే ఊరు క్యారీ, అక్కడ మా తెలుగు సంఘానికి సొంత మందిరం లేదు. ఒక అమెరికన్ చర్చి వాళ్ళ భవనాన్ని ఆదివారం మధ్యాహ్నాలు అద్దెకు తీసుకుంటాం. పొద్దున్న ఆరాధన ముగించుకుని వాళ్ళు వెళ్ళిపోతారు, మేం బిర్యానీ ట్రేలతో దిగుతాం. పిల్లల గది బేస్‌మెంట్‌లో. ఐదేళ్ళ నుంచి పదకొండేళ్ళ దాకా పద్నాలుగు మంది. తెలుగులో చెబితే పిల్లలకు సగం అర్థం కాదు, ఇంగ్లీషులో చెబితే ఊరి నుంచి వచ్చిన నానమ్మలకు కోపం.

ఆ గది నాకేమిటో కాస్త చెప్పాలి. గుంటూరులో ఆరేళ్ళు స్కూల్లో టీచర్‌గా పనిచేశాను. ఇక్కడికొచ్చాక డిపెండెంట్ వీసా, ఉద్యోగం చేయకూడదు. మొదటి మూడేళ్ళు ఏం చేశావంటే వంట చేశాను, బట్టలు మడతపెట్టాను, పార్టీల్లో ఎవరైనా "మీరేం చేస్తారండీ" అని అడిగితే పళ్ళికిలించాను. అప్పుడు పాస్టరమ్మగారు ఆ గది నాకు అప్పగించారు. వారానికి గంటన్నర. ఆ గంటన్నరా నేను "టీచర్ ఆంటీ"ని. ఆ పిలుపు కోసమే మిగతా వారమంతా ఈడ్చుకొచ్చేదాన్ని. నవ్వుకునేవాళ్ళు నవ్వుకోండి, నాకేం సిగ్గు లేదు. సిగ్గుపడాల్సింది వేరే ఉంది.

ఒక పాప కొత్తగా నా క్లాసులో చేరింది. ఎనిమిదేళ్ళది, ముందు పళ్ళు రెండూ ఊడి ఉండేవి. వాళ్ళమ్మ ఆరేడు నెలలుగా మా చర్చికి వస్తోంది. ఆమె పుట్టింట్లో గానీ అత్తింట్లో గానీ క్రైస్తవులు ఎవరూ లేరు. రెండో బిడ్డ కడుపులోనే పోయాక మనిషి కుంగిపోయి ఉంటే, పక్క అపార్ట్‌మెంట్ ఆవిడ ప్రార్థనకు తీసుకొచ్చింది. అలా నమ్ముకుంది. భర్త లోపలికి రాడు. పార్కింగ్‌లో కారులోనే కూర్చుని ఫోన్ చూసుకుంటాడు. "నీ ఇష్టం నీది, నేను అడ్డుపడను. పిల్లకు మాత్రం ఏదైనా తేడా వచ్చిందో, ఊరుకోను" అన్నాడట. ఆ ఒక్క మాట మీద ఆమె పిల్లను వెంటబెట్టుకుని వచ్చేది. డిసెంబర్‌లో ఆమెకు బాప్తిస్మం ఇవ్వాలని అనుకున్నారు.

దీపావళి వెళ్ళిన రెండు వారాలకు మళ్ళీ వెలుగు పాఠం వచ్చింది. వెలుగు ఇచ్చేవి ఏమేమిటో చెప్పండి అన్నాను. సన్ అన్నారు, ఫోన్ ఫ్లాష్‌లైట్ అన్నారు, ఒకడు "ఫ్రిజ్ ఆంటీ, డోర్ ఓపెన్ చేస్తే" అన్నాడు. ఆ పాప చెయ్యెత్తింది.

"ఆంటీ, మా హౌస్‌లో క్లే దీపం ఉన్నాయి. చాలా. మామ్ బాక్స్‌లో పెట్టేసింది, ఇప్పుడు యూజ్ చేయట్లేదు. అవి పెయింట్ చేద్దామా?"

నాకు ప్రాణం లేచొచ్చింది. తొమ్మిదేళ్ళకు ఒక్కసారైనా ఆ పేపర్ ప్లేట్ పీడ వదిలిందనుకున్నాను. "సూపర్ ఐడియా బంగారం! నెక్స్ట్ వీక్ అన్నీ తీసుకురా. ఆంటీ తెమ్మన్నారని మమ్మీకి చెప్పు" అన్నాను.

అక్షరం పొల్లుపోకుండా అవే నేనన్న మాటలు.

ఆ క్షణంలో దీపావళి గుర్తు రాలేదా అంటే, వచ్చింది. వస్తే ఏమిటట అనుకున్నాను. నాలుగు తరాలుగా మేం క్రైస్తవులం. కరెంటు పోతే మా అమ్మమ్మ ప్రమిదలో ఆముదం పోసి, ఆ వెలుగులోనే బైబిల్ తెరిచి మాతో కుటుంబ ప్రార్థన చేయించేది. దాన్ని ఎవరూ తప్పు పట్టలేదు. అంతదాకా ఎందుకు, అసలు ఎవరికైనా అభ్యంతరం ఉంటుందని నేను పట్టించుకుంటేగా!

తర్వాత వారం పాప పదహారు ప్రమిదలు తెచ్చింది, ఒక్కోదాన్నీ పేపర్ టవల్‌లో చుట్టి, షూ బాక్స్‌లో సర్ది. కొన్నిటి మూతుల దగ్గర మసి ఇంకా పోలేదు. తడి టిష్యూతో తనే తుడిచింది. ఒకడు శిలువ వేసి, పక్కన సాకర్ బాల్ కూడా వేశాడు. ఈ పాప తన ప్రమిదకంతటికీ నీలం రంగు పూసి, "జీసస్‌ని తెలుగులో ఎలా రాస్తారు ఆంటీ?" అని అడిగింది. కాగితం మీద రాసి చూపించాను. నాలిక బయటపెట్టి, కుస్తీ పడుతూ, తెల్ల రంగుతో "యేసు" అని రాసింది. ఆ పిల్ల జీవితంలో రాసిన మొదటి తెలుగు మాట అది. వాళ్ళు రంగులు వేస్తుంటే నేను పాఠం చెప్పాను. వెలుగు వస్తే దాచినవన్నీ కనబడతాయి, అందుకే అబద్ధమాడేవాళ్ళకు వెలుగంటే భయం అన్నాను. ఎంత బాగా చెప్పానో!

ఆ భవనంలో నిప్పు వెలిగించకూడదు. అందుకని ప్రమిదల్లో బ్యాటరీ కొవ్వొత్తులు పెట్టాం. ఆరాధన చివర్లో హాల్లో లైట్లు తీయించి, పిల్లలను వరసగా పాట పాడిస్తూ లోపలికి నడిపించాను. తల్లిదండ్రులు ఫోన్లు పైకెత్తి వీడియోలు తీస్తున్నారు. పాప వాళ్ళమ్మ కళ్ళు తుడుచుకోవడం చూశాను. అప్పుడు ముందు వరసలో నుంచి, మా సంఘ పెద్దగారి తల్లి, బాపట్ల నుంచి వచ్చి ఉన్నావిడ, గట్టిగా అరిచింది.

"అయ్యో ప్రభువా! ఇయ్యేంటి, దీపావళి ప్రమిదలు! మందిరంలోకి తెచ్చార్రా!"

కీబోర్డు ఆగిపోయింది. ఎవరో లైట్లు వేశారు. పిల్లలు కళ్ళు చికిలించుకుని మధ్యదారిలో నిలబడిపోయారు. సంఘ పెద్ద లేచి, వెనక బల్ల మీద ఉన్న ఖాళీ అల్యూమినియం ట్రే తీసుకొచ్చి, "ఇచ్చేయండమ్మా, ఇచ్చేయండి, తప్పు" అంటూ ఒక్కొక్కరి చేతిలోదీ అందులో వేయించాడు. ఆ పాప రెండు చేతులతో బిగించి పట్టుకుంది. ఆయన వేళ్ళు విడదీసి తీసుకున్నాడు. పాప అటూ ఇటూ చూసి నా వైపు చూసింది. నేను పాస్టర్‌గారి వైపు చూశాను.

ప్రార్థన త్వరగా ముగించి నన్ను కిచెన్‌లోకి పిలిచారు. పాస్టర్‌గారు, పాస్టరమ్మగారు, సంఘ పెద్ద. ప్రమిదలు అప్పటికే నల్ల చెత్త సంచిలోకి వెళ్ళాయి.

"సిస్టర్, మా నాన్న బాప్తిస్మం తీసుకున్న రోజున ఇంట్లో దీపాలన్నీ కాలవలో పడేశాడు. దానికి మా పెదనాన్న ఇరవై ఏళ్ళు మా గడప తొక్కలేదు. మీకది క్రాఫ్టా?" అన్నాడు సంఘ పెద్ద. ఆయన చెడ్డవాడని నేనిప్పటికీ అనను.

పాస్టర్‌గారు కోప్పడలేదు. మెత్తగా అన్నారు. "కొంతకాలం రెస్ట్ తీసుకోండమ్మా. పిల్లల క్లాస్ వేరే సిస్టర్‌కి ఇద్దాం."

మళ్ళీ ఆ వంట, ఆ బట్టలు, పార్టీల్లో ఆ వెర్రి నవ్వు కళ్ళముందు తిరిగాయి. అమ్మమ్మ సంగతి చెబుదామనుకున్నాను. నన్ను ఎలాగైనా గట్టున పడేద్దామని పాస్టరమ్మగారే అడిగారు. "ఇంతకీ ఎవరు తెచ్చారమ్మా? నువ్వు కొన్నావా?"

"లేదండీ. ఆ కొత్త పాప తెచ్చింది. నేను తెమ్మనలేదు. నేను చూసేసరికి పిల్లలు పెయింట్ మొదలుపెట్టేశారు, ఇంక ఆపలేకపోయాను."

ఎంత సాఫీగా వచ్చిందో ఆ అబద్ధం! ఒక్క తడబాటు లేదు. ముగ్గురి ముఖాలూ తేటపడ్డాయి.

"అదీ సంగతి. అనుకున్నాను. ఇంట్లో ఇంకా అవన్నీ ఉంచుకున్నారన్నమాట. నేను వాళ్ళమ్మతో మాట్లాడతాలే" అన్నారు పాస్టరమ్మగారు. బాప్తిస్మం తొందరేం లేదు, ముందు ఇల్లు సరిచేసుకోనీ, వేసవిలో చూద్దాం అన్నారు పాస్టర్‌గారు. క్లాస్ ఊసు మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. అది నాదే. నేను పేపర్ ప్లేట్ పట్టుకుని బిర్యానీ లైన్లో నిలబడ్డాను. తిన్నాను కూడా.

మర్నాడు పాప వాళ్ళమ్మ ఫోన్ చేసింది. నన్ను దులిపేస్తుందనుకున్నాను. దులిపేస్తే బాగుండేది.

"వందనాలక్కా. సారీ అక్కా, నా వల్ల మీకు మాట వచ్చింది. ఆంటీ తెమ్మన్నారని మా పిల్ల నాతో అబద్ధం చెప్పిందక్కా. నేను నిజమే అనుకుని ఇచ్చి పంపించాను. పాస్టరమ్మగారు చెబితే తల కొట్టేసినట్టయింది."

నేను ఊఁ అన్నాను.

"ఎంత అడిగినా ఒప్పుకోవట్లేదక్కా. ఆంటీయే తెమ్మన్నారని ఒకటే ఏడుపు. ఇంత మొండిదని నాకు తెలీదు. టీచర్ అబద్ధం చెబుతారా, నువ్వే చెప్పు అని అడిగాను."

"పోనీలే అమ్మా, చిన్నపిల్ల. కొట్టకు" అన్నాను. మహా జాలి నాకు!

"కొట్టలేదక్కా. ఒప్పుకునేదాకా మాట్లాడనని చెప్పాను. ప్రమిదలు పోతే పోయాయి, నా బాధ అబద్ధం గురించి. మంచి నేర్చుకుంటుందనే కదా దాన్ని మీ దగ్గర కూర్చోబెట్టింది."

అప్పుడు చెప్పొచ్చు. ఒక్క వాక్యం. ఆమె ఒక్కతే వింటుంది, ఊరంతా కాదు. కానీ ఆమెకు చెబితే ఆమె పాస్టరమ్మగారికి చెబుతుంది, చెబితే గది పోతుంది. నాకు లెక్క క్షణంలో తేలిపోయింది. "ప్రార్థనలో పెడతానమ్మా" అని ఫోన్ పెట్టేశాను. ఇప్పుడు తలుచుకుంటే నా చెంప నేనే పగలగొట్టుకోవాలనిపిస్తుంది. ఆ రోజు మాత్రం పప్పు తాలింపు పెట్టుకున్నాను.

ఆ తర్వాత వాళ్ళు రాలేదు. పిల్ల చేతిలోంచి లాక్కున్న సంగతి తండ్రికి తెలిసిందట, ఇంక చాలన్నాడట. ఆమె బాప్తిస్మం మాట అక్కడితో ఆగిపోయింది. సంఘంలో "నిలకడ లేదు" అని తేల్చేశారు. ఆ మాట అంటున్నప్పుడు నేనూ అక్కడే ఉన్నాను, చిన్నగా తలూపాను. క్రిస్మస్‌కు పిల్లలతో కాటన్ అంటించిన గొర్రెలు చేయించాను. అందరూ మెచ్చుకున్నారు.

ఫిబ్రవరిలో ఒక శనివారం ఇండియన్ స్టోర్‌లో బెండకాయలు ఏరుకుంటుంటే వెనకనుంచి "హాయ్ టీచర్ ఆంటీ" అని వినిపించింది. ఆ పాపే. ముందు పళ్ళు వచ్చేశాయి, పెద్దవిగా. వాళ్ళమ్మ దూరంగా కరివేపాకు దగ్గర ఉంది.

"బాగున్నావా నాన్నా?" అన్నాను.

"బాగున్నా. మామ్ నాతో మాట్లాడుతుంది ఇప్పుడు. నేను లై చెప్పాను అని సారీ చెప్పా. ఫోర్ డేస్ తర్వాత."

నాలుగు రోజులు. ఎనిమిదేళ్ళ పిల్ల నాలుగు రోజులు తల్లి మాట లేకుండా నిజం పట్టుకుని నిలబడింది. నేను నాలుగు నిమిషాలు నిలబడలేకపోయాను.

పాప దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది. ముఖంలో నింద ఏమీ లేదు. హోమ్‌వర్క్‌లో అనుమానం అడిగినట్టే అడిగింది.

"ఆంటీ, యూ సెడ్ బ్రింగ్ దెమ్, రైట్? నాకు అలానే గుర్తుంది. బట్ అందరూ కాదు అంటున్నారు. నేను ఇమాజిన్ చేశానేమో అని మామ్ అంటుంది. ఐ డోంట్ నో ఇప్పుడు."

కరివేపాకు కవర్ పట్టుకుని వాళ్ళమ్మ మా వైపే వస్తోంది. నన్ను చూసి ముఖం విప్పారింది. "అక్కా!" అంటోంది. ఇంకో ఐదారు అడుగులు.

"నాకు సరిగ్గా గుర్తు లేదు నాన్నా" అన్నాను.

పాప తల ఊపింది.

"ఓకే ఆంటీ. దెన్ నేనే లై చెప్పి ఉంటా."