ఏడు గంటల దారికి ముందు

ఆయన ఇరవయ్యారేళ్లు దూరప్రయాణాల కారు నడిపాడు. అన్నేళ్లలో బండి ఒక్కసారి కూడా నడిరోడ్డు మీద ఆగలేదు. బయల్దేరే ముందురోజు బానెట్ ఎత్తాడంటే గంటన్నర దాకా భార్య పిలిచినా పలికేవాడు కాదు. ఆమె బట్టలు కుట్టేది. కిటికీ పక్కన మిషను ముందు కూర్చుని ఆయన్ని చూసి నవ్వుకునేది. తనకి జ్వరమొస్తే నుదుటి మీద చెయ్యి వెయ్యడానికి తీరికలేని మనిషి, టైర్లని మాత్రం నాలుగింటినీ నిమిరి మరీ చూస్తాడని పక్కింటావిడతో మేలమాడేది.

యాభై రెండో ఏట ఆయనకి తలనొప్పులు మొదలయ్యాయి. తర్వాత తూలడం. స్కానింగ్ చేసి తలలో గడ్డ ఉందన్నారు, చూపు నరాన్ని నొక్కుతోందన్నారు. ఆపరేషన్ కుదురుతుందో లేదో పెద్దాసుపత్రిలో తేల్చాలి. అది కారులో ఏడు గంటల దూరం. బస్సెక్కితే ఆ కుదుపులకి ఆయనకి వాంతులయ్యేవి. వేరే డ్రైవర్ని పెడదామంటే ఒప్పుకోలేదు. ఆమెకి కారు నడపడం వచ్చు, పెళ్లైన కొత్తలో ఆయనే నేర్పాడు. కానీ బజారు దాటి ఎప్పుడూ వెళ్లలేదు.

"నువ్వు నడుపు. దారి చూడ్డానికి పక్కన నేనుంటాగా," అన్నాడు.

బయల్దేరే ముందురోజు పొద్దున ఆయన గుమ్మం ముందు స్టూలు వేయించుకుని కూర్చున్నాడు. ఆయన చెప్పడం, ఆమె చెయ్యడం. ఇంజన్ చల్లగా ఉండగానే ఆయిల్ కడ్డీ లాగి, గుడ్డతో తుడిచి, మళ్లీ ముంచి తీయించాడు. రెండు గీతల మధ్య ఉందంది. వేళ్ల మధ్య రుద్ది, ఇసుకలా ఏమైనా తగులుతోందా చూడమన్నాడు. ఇంజన్ వేడిమీద ఉండగా రేడియేటర్ మూత ముట్టుకోవద్దని మూడుసార్లు చెప్పాడు. స్టెప్నీలో గాలి చూసుకోకుండా బయల్దేరేవాణ్ణి తాను మనిషిగా లెక్కెయ్యనన్నాడు. జాకీ పెట్టించి ఒక చక్రం ఆమె చేతే విప్పించి బిగింపించాడు. బోల్టు మొండికేస్తే ఆమె స్పానరు మీద కాలేసి నిలబడింది. ఆ చప్పుడుకే సంగతి కనిపెట్టి ఆయన చాలా రోజుల తర్వాత నవ్వాడు.

చివరగా లైట్లు. ఆమె లోపల కూర్చుని బ్రేకు తొక్కాలి, ఆయన వెనక నిలబడి చూడాలి. గోడ పట్టుకుని నెమ్మదిగా వెళ్లాడు.

"వెలుగుతున్నాయా?"

"ఆ, రెండూ భేషుగ్గా వెలుగుతున్నాయి."

అటుగా పోతున్న పక్కింటావిడ ఆగి, కుడివైపుది వెలగడం లేదని చెప్పి వెళ్లిపోయింది. ఆమె బ్రేకు మీంచి కాలు తియ్యకుండా పక్క అద్దంలో చూసింది. ఆయన ఆ లైటుకి జానెడు దూరంలో వంగి ఉన్నాడు. కళ్లు ఇంకెటో ఉన్నాయి.

పరధ్యానంలో ఉన్నాడేమోనని సర్దిచెప్పుకోబోయింది. మనసు ఒప్పుకోలేదు. పేపరు చేతిలో పట్టుకుని పేజీ తిప్పకపోవడం, కంచంలో ఏముందో వేళ్లతో తడుముకోవడం, ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. దిగి దగ్గరికెళ్లింది.

"ఎన్నాళ్లయిందండీ?"

"పది రోజులు. నీడలా తెలుస్తోంది, అంతే."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే స్టీరింగు పట్టుకునేదానివా? నేను చూస్తుంటానన్న ధైర్యంతోనేగా ఒప్పుకున్నావు."

ఆమె గ్రీజు చేతులతోనే ఆయన మొహం తుడిచింది. తర్వాత బల్బు ఎలా మార్చాలో అడిగింది.

మర్నాడు తెల్లవారాక బయల్దేరారు. దారి పొడుగునా కనిపించినవన్నీ ఆమె పైకి చెబుతూ పోయింది: వంతెన, లారీ, గొర్రెలమంద, ముసురుకుంటున్న మబ్బు. ఆయన ఇంజన్ చప్పుడు విని గేరు మార్చమన్నప్పుడల్లా మార్చింది. బండి ఎక్కడా ఆగలేదు. పెద్దాసుపత్రి డాక్టరు ఫిల్ములు రెండుసార్లు చూసి, ఆమెని పక్కకి పిలిచి, ఇంటికి తీసుకెళ్లిపొమ్మన్నాడు.

ఆయన, డాక్టరేమన్నాడని అడగలేదు. కారు దగ్గరికొచ్చాక మాత్రం టైర్లు చూశావా అన్నాడు. పొద్దున చూశానంది.

"అది రావడానికి. ఇప్పుడు మళ్లీ ఏడు గంటలు."

ఆమె కారు చుట్టూ తిరిగి చూడసాగింది. నాలుగో చక్రం దగ్గర కూలబడి, మోచేతిలో మొహం దాచుకుని, చప్పుడు రాకుండా ఏడ్చింది.

"అక్కడే ఇంతసేపేంటి?" అన్నాడాయన.

"గాలి తగ్గిందనుకున్నాను. బానే ఉంది."

ఆ తర్వాత ఆయన పంతొమ్మిది రోజులు బతికాడు. చూపు పూర్తిగా పోయింది. మంచం మీద నుంచే, బ్యాటరీ దిగిపోతుందని రోజూ మధ్యాహ్నం కారు స్టార్టు చేయించేవాడు. కిటికీ తెరిపించుకుని వినేవాడు. ఇరవయ్యో రోజు కూడా ఆమె వెళ్లి స్టార్టు చేసి, పది నిమిషాలుంచి, ఆపి లోపలికి వచ్చింది. ఆమె కారు దగ్గరుండగానే ఆయన పోయాడు. ఇంజన్ బాగానే ఉందండీ అని ఆమె చెప్పాల్సింది చెప్పింది. ఆ మాటయ్యాకే ఏడుపొచ్చింది.