బిళ్ళ అటు దిక్కే ఉన్నది

మా అహరోను పెద్దబాపుకు ఒక్కటే పిచ్చి. బిళ్ళ ఇవ్వందే మనిషిని గల్లీ దాటనివ్వడు.

రూపాయంత ఇత్తడి బిళ్ళ, దాని మీద నంబరు. బెల్లంపల్లి బొగ్గుబాయిలో ఆయన ముప్పై ఒక్క ఏళ్ళు ల్యాంపు రూములో పనిచేశాడు. బాయిలోకి దిగే మనిషి తన బిళ్ళ ఆయనకిచ్చి లైటు తీసుకోవాలి. పైకొచ్చాక లైటు ఇచ్చి బిళ్ళ తీసుకోవాలి. మేకుకు బిళ్ళ వేలాడుతోందంటే మనిషి ఇంకా లోపలే ఉన్నట్టు. అది పోయేదాకా ల్యాంపు రూము మనిషి ఇంటికి పోవద్దు. ఇంతవరకు బాగానే ఉంది. రిటైరైన మర్నాడే ఆయన తన అరుగు మీద చెక్క కట్టి, ఇరవై నాలుగు మేకులు దిగ్గొట్టి, గల్లీ మొత్తానికి బిళ్ళలు పంచాడు. మా తిప్పలు అక్కడ మొదలయ్యాయి.

నా నంబరు పంతొమ్మిది. లక్షెట్టిపేటలో టీచర్ని. పొద్దున బస్సు కోసం ఉరుకుతుంటే వెనక నుంచి కేక. "పంతొమ్మిది! బిళ్ళేది?" సాయంత్రం బస్సు ఆలస్యమైతే గల్లీ అంతా వినబడేటట్టు చాటింపు. "పంతొమ్మిది ఇంకా రాలే!" మా బాపు పోయినప్పటి నుంచి ఒక్కదాన్నే ఉంటున్నాను. ఎవరికీ జవాబు చెప్పే పనిలేదని ధీమాగా ఉంటే ఈయనొకడు తగిలాడు. ఒకసారి తప్పించుకుందామని వెనక గోడ దూకాను. కాలు బెణికింది. నన్ను ఆటోలో ఆసుపత్రికి పంపుతూ కూడా బిళ్ళ తీసుకున్నాడు.

మా గల్లీ వెంకటి పెళ్ళి సంగతి ఇంకా ఘోరం. హుజూరాబాద్ పోయే పెళ్ళి బస్సుకు అడ్డం నిలబడి పెళ్ళికొడుకు బిళ్ళ వసూలు చేశాడు. ఆ సంగతి విన్న ఆడపిల్ల తరఫువాళ్ళు ఇదేదో మా ఆచారమనుకుని, పెళ్ళికూతురి వెంట వచ్చి ఆ చెక్కకు పసుపు, కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టారు. మెథడిస్టు చర్చికి ఆదివారం తప్పని పెద్దబాపు కంగారుపడ్డాడు. అంతకన్నా పెద్ద కంగారు ఇంకోటి వచ్చింది.

"ఒక్కడు పోయిండు, ఇద్దరొచ్చిండ్రు. లెక్క తప్పింది," అని కొత్త పెళ్ళికూతుర్ని అరుగు దగ్గరే నిలబెట్టి, అప్పటికప్పుడు ఇరవై ఐదో మేకు కొట్టాడు.

అలాంటి మనిషి అరవై రెండో ఏట గేర్ల సైకిలు కొని, నేపాల్ పోతానన్నాడు. ఒక్కడే. పదిహేను రోజుల్లో ఐదు కొండ ఘాట్లు దాటుతాడట. పటం మీద ఐదింటికీ ఎర్రటి సున్నాలు చుట్టి పెట్టుకున్నాడు.

"ఎందుకు పెద్దబాపూ గీ వయసుల?" అన్నాను.

"ముప్పై ఒక్క ఏండ్లు పోయేటోళ్ళను పంపుడు, వచ్చేటోళ్ళను లెక్కవెట్టుడే నా పని. నేనెప్పుడన్న పోయిన్నా బిడ్డా? ఒక్కసారన్న పోయేటోణ్ణి కావాలె."

నిర్మల్ ఘాట్ మీద నెల రోజులు సాధన చేశాడు. కింద బొమ్మల దుకాణంలో బిళ్ళ ఇచ్చి ఎక్కడం, దిగడం, బిళ్ళ తీసుకోవడం. ఒక్క ఇబ్బందీ రాలేదు. ఎక్కిన దిక్కే దిగాడు మరి! అందులోని మోసం మా ఇద్దరికీ తట్టలేదు.

తనకోసం ఒకటో నంబరు బిళ్ళలు రెండు చేయించుకున్నాడు. ఒకటి అరుగు మీద వేలాడదీసి, బోర్డు బాధ్యత నాకప్పగించాడు. రెండోది జేబులో వేసుకుని, సైకిలుతో సహా రైలెక్కాడు.

నాలుగో రోజు సాయంత్రం ఫోను.

"బిడ్డా, పరేషాన్‌ల పడ్డ."

"ఏమైంది? ఘాట్ ఎక్కలేకపోయినవా?"

"ఎక్కిన. దిగిన. మంచిగనే ఉన్న."

"మరి పరేషాన్ ఎందుకు?"

"కింద చాయ్ దుకాణం దీదీకి బిళ్ళిచ్చి ఎక్కిన. బిళ్ళ అటు దిక్కే ఉన్నది."

"ఉంటే ఉండనీ. రెండో ఘాట్‌కు పో."

"ఎట్ల పోత? బిళ్ళ లెక్కల నేనింక కొండ మీదనే ఉన్న."

"నువ్వు నాతోని మాట్లాడుతున్నవ్ పెద్దబాపూ!"

"నేను మాట్లాడుత. బిళ్ళ మాట్లాడదు గద!"

ఫోను పెట్టేశాక చాలాసేపు ఆలోచించాను. ఆయన మాటలో తప్పు ఎక్కడుందో దొరకలేదు. దొరకకపోవడమే నా భయం. మర్నాడు ఆయన అదే ఘాట్ మళ్ళీ ఎక్కి, వెనక్కి దిగి, బిళ్ళ తీసుకున్నాడు. పీడ పోయిందనుకున్నాను. ఆ తెల్లారి మళ్ళీ ఫోను.

"దాటిన బిడ్డా."

"శబాష్. బిళ్ళ జేబుల ఉన్నదా?"

అటునుంచి సైకిలు గంట మోగింది.

"పెద్దబాపూ?"

"ఇచ్చిన."

"ఎవలికి?"

"గా దీదీకే."

"మళ్ళెందుకిచ్చినవ్?"

"అడిగింది. అడిగినంక ఇయ్యకుంటె ఏం మర్యాద?"

బడిలో చాక్‌పీసుతో బోర్డు మీద కొండ గీసి, ఆయన ఎటువైపు ఉన్నాడో, బిళ్ళ ఎటువైపు ఉందో బాణాలు వేసి చూశాను. పిల్లలు అది పరీక్షకొచ్చే లెక్క అనుకుని రాసుకున్నారు. ఇంటికొచ్చి ఆనందమ్మ పెద్దమ్మకు చెబితే ఆమె బియ్యం చెరగడం ఆపలేదు.

"మా ఆయన నేపాల్‌ల సుత షిఫ్టు డ్యూటీ ఎక్కిండు," అంది.

అనుకున్న పదిహేను రోజులూ కరిగిపోతున్నాయి. పటం మీద నాలుగు సున్నాలు అట్లాగే ఉన్నాయి. ఇటు నాకింకో సంకటం వచ్చి పడింది. సాయంత్రం బస్సు దిగి వస్తుంటే గల్లీ నిశ్శబ్దంగా ఉండేది. నా నంబరు అరిచేవాళ్ళు లేరు. నా బిళ్ళ నేనే తీసుకుని లోపలికి పోవాలి. పీడ విరగడైందని సంతోషపడాల్సిందిపోయి ఏడుపొచ్చింది. పైగా ఒకటో నంబరు బిళ్ళ మేకుకు వేలాడుతుంటే తలుపేసుకోబుద్ధి కాలేదు. అన్నం పళ్ళెం తెచ్చుకుని అరుగు మీదే తిన్నాను.

పదహారో రోజు పొద్దున దిగాడు. నల్లబడ్డాడు, చిక్కాడు. గల్లీ అంతా మూగింది.

"ఎన్ని ఘాట్లు దాటినవ్ కాకా?" అన్నాడు వెంకటి.

"ఆరు."

"ఐదే అన్నవు గద!"

"ఒకటి ఎక్కువనే అయింది."

"అన్ని ఒక్కటే ఘాట్," అంది ఆనందమ్మ లోపలి నుంచి.

అందరూ నవ్వి పోయాక నేను పట్టుకున్నాను. "నిజం చెప్పు. గంత ఆశపడి పోయి, మిగిలిన నాలుగు ఎందుకు ఇడిచిపెట్టినవ్?"

ఆయన ఫోనులో ఫోటో చూపించాడు. రేకుల దుకాణం ముందు ఒక ముసలామె, పిడికిట్లో ఏదో బిగించి రోడ్డు వైపు చూస్తోంది.

"మొదటినాడు ఊకెనే అలవాటుగ ఇచ్చిన బిడ్డా. తెల్లారి మళ్ళ పోతే గిట్లనే నిలవడ్డది. రాత్రి దుకాణం కట్టలేదట, పండలేదట, పక్క దుకాణపాయన హిందీల చెప్పిండు. నన్ను జూసి తిట్టింది, తిట్టుకుంట బువ్వ వెట్టింది. ఆమెకెవ్వరు లేరు. యాత్రకొచ్చేటోళ్ళు చాయ్ తాగి పోతరు, ఎవలు మళ్ళ రారు. తెల్లారి నేను సైకిలెక్కుతుంటే ఆమెనే చెయ్యి చాపింది. బిళ్ళియ్యుమని."

"ఎదురుచూసే బాధ ఎందుకు పెట్టుకుంటరు ఎవలన్న?"

"బాధనా? ఎదురుచూసెటందుకు ఒక మనిషి ఉండుడు బాధనా బిడ్డా?"

నేను బోర్డు మీది పంతొమ్మిదో మేకు వైపు చూశాను. ఇన్నేళ్ళు నన్ను కాపలా కాస్తున్నాడనుకున్నాను. ఇంటికి రాగానే అడిగేవాళ్ళు లేని మనిషికి ఒక మేకు కేటాయించాడని ఇప్పుడు తెలిసింది. ఆయన రిటైరై ఆ మేకులు కొట్టింది మా బాపు పోయిన వారమేనని కూడా అప్పుడే గుర్తొచ్చింది.

"మరి నీ బిళ్ళేది?" అన్నాను.

"ఆఖరుకు ఆమె ఇయ్యలే. పిడికిలి ఇప్పలే. బదులు గిది ఇచ్చింది."

జేబులోంచి చాయ్ కలిపే చెంచా తీశాడు. ఇరవై ఆరో మేకు కొట్టి దానికి తగిలించాడు.

ఇప్పుడు రోజూ సాయంత్రం దీదీ దుకాణం కట్టి ఇల్లు చేరాక వీడియో కాల్ చేస్తుంది. ఆమె నేపాలీలో ఏదో అంటుంది, ఈయన తెలుగులో ఏదో అంటాడు, ఇద్దరూ తలలూపుతారు. అప్పుడు ఈయన చెంచా దించి అన్నానికి లేస్తాడు. మిగిలిన నాలుగు సున్నాల సంగతి వచ్చే ఏడు చూస్తాడట. ముందు ఆ బిళ్ళ తెచ్చుకోవాలి కదా, లెక్కప్రకారం ఆయనింకా కొండ మీదే ఉన్నాడు!

నిన్న నా బస్సు గంట ఆలస్యం. గల్లీ మొదట్లోంచే ఒక్క కేక వేశాను. "పెద్దబాపూ, పంతొమ్మిది వచ్చింది!"

"వస్తే రా. గంతగనం ఎందుకు ఒర్రుతున్నవ్?" అని విసుక్కుంటూ, అప్పటికే చేతిలో పట్టుకున్న బిళ్ళ నాకిచ్చాడు.