అత్తకు ఊదిన నీళ్లు

అత్త లేని కోడలు ఉత్తమురాలని ఊరికే అన్నారా? అత్త లారిబా ముసలమ్మ పోయిన నాటి నుంచీ, బోంగో ఊరి రాళ్లగుట్టల కింద ఉన్న ఆ ఇంట్లో అతిపోక గొంతు లేచింది లేదు. తనే అత్తయింది. గడ్డిబుట్టలు అల్లుకుంటూ, కోడలు తాలతను పల్లెత్తు మాట అనకుండా నెట్టుకొచ్చింది. ఊళ్లో మంచిపేరు కూడా కొట్టేసింది. కానీ లారిబా పేరెత్తితే చాలు, ఆమె చేతిలో గిన్నె ఠంగుమనేది. అత్త మీద కోపం దుత్త మీదంటే ఇదే మరి.

ఇప్పుడేమో తాలత కన్న పసిగుడ్డుకు ప్రాణం మీదికొచ్చింది. మొన్నటి నుంచి రొమ్ము అందిస్తే మొహం తిప్పేస్తోంది. ఏడవడానికి కూడా ఓపిక లేదు. పొద్దున్నే నర్సమ్మ మోటారు సైకిల్ మీద వచ్చి, నాలుక మీద తెల్లపూత చూసి, చుక్కల మందు వేసింది. "పొద్దు వాలేలోపు పాలు తాగకపోతే పట్నం ఆసుపత్రికి తీసుకుపోవాలి. నేనే వచ్చి ఎక్కించుకుంటా" అని చెప్పి వెళ్లింది.

మందు దారి మందుది, పెద్దల దారి పెద్దలది. పోయినవాళ్లలో బిడ్డను కాచే పెద్దలెవరో కనుక్కుందామని అతిపోక మొగుడు అకుగ్రె సోది చెప్పేవాడి దగ్గరికి పోయాడు. తిరిగొచ్చి వాకిట్లో నిలబడి తల గోక్కున్నాడు.

"ఏమయ్యా, నోట్లో జొన్నలు పోసుకున్నావా? ఎవరట?"

"నువ్వు ముందు కూర్చో."

"కూర్చుంటాలే. ఎవరు?"

"అమ్మ."

"ఎవరమ్మ?"

"ఎవరమ్మేమిటే, మా అమ్మ! నమ్మకం కుదరక ఇంకొకడి దగ్గర కూడా అడిగించా. వాడి చేతిలో సోది కర్ర కూడా అమ్మకు పెట్టిన గుర్తు మీదే వాలింది."

"బతికినన్నాళ్లు చాలక మళ్లీ నా కొంపకే దాపురించిందా!"

అకుగ్రె గొంతు తగ్గించాడు. "నీ కడుపులో ఆమె మీద కోపం ఉందట. అది పోతేగానీ పిల్ల పాలు ముట్టదట. నువ్వు నీళ్లు ఊదాలి."

నోట్లో నీళ్లు పట్టి, నాకు ఏ కోపమూ లేదని మనసులో అనుకుని, ఉఫ్‌మని చల్లాలి. అంతే. కానీ కోపం దాచుకుని ఊదితే మాత్రం ఆ అబద్ధం వెళ్లి బిడ్డకే తగులుతుంది. ఆ సంగతి అక్కడ చిన్నపిల్లలకు కూడా తెలుసు.

వాకిట్లో పెద్దల పేర మట్టిదిమ్మ వేశారు. ఇరుగూపొరుగూ చేరారు. తాలత బిడ్డను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. అతిపోక సొరకాయ బుర్రలోంచి నీళ్లు నోట్లో పోసుకుంది. ఆమె గుటుక్కున మింగేసింది.

"మింగావేమే!"

"నావల్ల కాదయ్యా. అబద్ధం ఊది పిల్లను చంపమంటావా?"

"అత్తా, నీ కాళ్లు పట్టుకుంటా" అని తాలత బావురుమంది.

"కాళ్లతో పనేంటే పిచ్చిదానా, కడుపులో కోపం పోవద్దూ?" అంటూ అతిపోకా ఏడ్చేసింది.

అకుగ్రె విసుక్కున్నాడు. "కోపముంటే తిట్టెయ్. కక్కితేనేగా ఖాళీ అయ్యేది."

"నీ ఎదుటా? మీ అమ్మనా?"

"నేను చెవులు మూసుకుంటాలే."

నిజంగానే మూసుకున్నాడు. అతిపోక నడుం మీద చేతులు పెట్టుకుని మట్టిదిమ్మ వైపు తిరిగింది.

"ఏమమ్మా లారిబా! నే వండిన బెండకాయ పులుసు చుట్టాల ముందు కుక్కకు పోయించావే! కుక్క వదిలిందా? గిన్నె నాకింది! దానికున్న నాలుక నీకు లేకపోయింది! మా పుట్టింటోళ్లు తెచ్చిన గినీకోడిని నాచేతే కాల్పించి, నా ముద్దలో మెడ పడేశావు. మెడ!"

ఎవరో కిసుక్కున నవ్వారు. చెవులు మూసుకున్న అకుగ్రె భుజాలు కూడా ఊగుతున్నాయి.

"నా తొలిచూలు పిల్లాడు పోయిన రోజు..." అంది అతిపోక. నవ్వులు ఆగిపోయాయి. "నా పాలు చేదు, అందుకే పోయాడన్నావు. నలుగురిలో అన్నావు. ఆ తర్వాత కన్న ప్రతి బిడ్డకూ రొమ్మిచ్చే ముందు నా పాలు నేనే నాలుక మీద వేసుకుని చూసుకున్నానమ్మా. తియ్యగానే ఉండేవి. అయినా భయపడుతూనే ఇచ్చాను."

ఇంకా ఏదో అనబోయి వెతుక్కుంది. ఏమీ దొరకలేదు. "ఇంతే. ఇంకేం లేదు" అంది, తనకే ఆశ్చర్యంగా.

బుర్ర అందుకుని నోటినిండా నీళ్లు పట్టి ఊదింది. ఎంత బలంగా ఊదిందంటే సగం దిమ్మ మీద, సగం పసిదాని మొహం మీద పడ్డాయి. పిల్ల ఉలిక్కిపడి కేరుమంది. మొన్నటి నుంచి వినని ఏడుపు! తాలత గబుక్కున రొమ్ము అందించింది. పిల్ల పట్టుకుంది. గుటక వేసింది. ఇంకో గుటక.

"తాగుతోందే!"

"కనబడుతోందిలే, అరవకు" అంది అతిపోక.

సాయంత్రం నర్సమ్మ వచ్చి చూసి, "మందు బాగా పట్టింది" అంది. ఎవరూ కాదనలేదు. ఇంటికొచ్చినవాళ్లకు కలిపే పిండినీళ్లు ఆవిడకిచ్చి మర్యాద చేశారు.

అప్పుడు అతిపోక గాదె వెనక్కి వెళ్లింది. అత్త పోయిన నాడు పదిమందీ చూస్తారని గుండెలు బాదుకుందే గానీ, కంట చుక్క రాలలేదు. ఇవాళ ఎవరూ చూడని చోట, కట్టుకున్న గుడ్డ నోట్లో కుక్కుకుని, "అత్తా" అంటూ కడుపారా ఏడ్చింది.